తొమ్మిదో పువ్వు

కుర్చీని ఒంటిచేత్తో తిరగేసి, నాలుగు కాళ్ళూ పైకప్పును చూసేలా నేల మీద పెట్టి, ఒక్కో కాలి అడుగునూ బొటనవేలితో రాసి చూసింది స్తెఫానియా. మూడో కాలికి అంటించిన ఉన్నిగుడ్డ ఊడి వేలాడుతోంది. దాన్ని పీకి పారేసి, ఏప్రన్ జేబులోంచి కొత్త ముక్క తీసి, పెదాల మధ్య పట్టి ఉంచిన చిన్న మేకుతో బిగించింది. కుర్చీని నిలబెట్టి, చేతులు రెండూ ఆనించి, తన బరువంతా మోపి అటూ ఇటూ ఊపి చూసింది. కిర్రుమనలేదు.

"నువ్వయితే ఫరవాలేదు. ఇవాళ నీతో పనుంది" అంది కుర్చీతో.

గిర్కలై ఊరి కళాభవనంలో కుర్చీలు వెయ్యడం, తియ్యడం ఆమె ఉద్యోగం. నేల తుడవడం, చలికాలంలో పొయ్యి రాజెయ్యడం, తాళాలు చూసుకోవడం కూడా ఆ ఉద్యోగంలోవే గానీ, ఊళ్ళో ఎవరినడిగినా కుర్చీల స్తెఫా అనే అంటారు. పెళ్ళికి వేసింది, చావుకు వేసింది, ఎన్నికలకు వేసింది, బంగాళాదుంప పురుగు మీద ఉపన్యాసానికి వేసింది. గోడ మీద పటాలు మారాయి, గుమ్మం మీద జెండా మారింది. కుర్చీలు అవే, వేసే చేతులూ అవే.

మనిషి భారీ మనిషి. చేతికి రెండేసి కుర్చీలు తగిలించుకుని నలభై ఏళ్ళు నడిచినందుకు కుడిభుజం ఎడమదాని కన్నా కిందికి దిగింది. వేళ్ళ మొదళ్ళలో కాచిన కాయలు చెట్టు బెరడులా గరుగ్గా ఉంటాయి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అందుకే వెనక వైపు మెట్లుమెట్లుగా ఉంటుంది. మోకాళ్ళు మాత్రం రెండేళ్ళుగా మాట వినడం మానేశాయి. మెట్లెక్కుతుంటే అవి చేసే చప్పుడూ, హాల్లో వెనక వరస కుర్చీల చప్పుడూ ఒకలాగే ఉంటాయి.

ఇన్నేళ్ళలో ఆ కుర్చీల్లో తను కూర్చున్నది లేదు. కార్యక్రమం జరుగుతున్నంతసేపూ మెట్ల కింద బకెట్టు బోర్లించుకుని, దాని మీద కూర్చునేది. అక్కడికీ పాట వినిపిస్తుంది. పైగా పాలు పొంగినా, పిల్లాడు కక్కినా పిలిస్తే వెంటనే అందుతుంది.

ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకు క్లైపెడా వెళ్ళిపోతోంది. సముద్రం పక్కన చెల్లెలి ఇల్లుంది, మెట్లు లేని ఇల్లు. ఆ సంగతి తప్పనిసరిగా తెలియాల్సిన ఇద్దరికి తప్ప కావాలనే ఎవరికీ చెప్పలేదు. కళాభవనం అధికారి సెలవు మీద వెళ్ళే వారం చూసి మరీ రోజు పెట్టుకుంది. చెబితే సన్మానం అంటారు. సన్మానం అంటే మళ్ళీ కుర్చీలు వెయ్యాల్సింది తనే కదా.

ఉద్యోగం, దాంతోపాటు భవనం వెనక ఉన్న గది, ఆ గది వెనక లిండెన్ చెట్టు కింద తన తేనెపెట్టెలు మూడూ విలియాకు అప్పజెప్పి పోవాలని స్తెఫానియా లెక్క. అధికారి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవాల్సింది విలియా.

ఆ విలియా ఇప్పుడు నిచ్చెనెక్కి కాగితపు తేనెటీగల్ని దారానికి వేలాడదీస్తోంది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉండదు. పదేళ్ళ వయసులో తల్లితో ఐర్లండు వెళ్ళింది, రెండేళ్ళ కిందట ఒంటరిగా కూతుర్ని తీసుకుని తిరిగొచ్చింది. పరదాలు కుట్టే చోట పని చేస్తోంది.

"పెద్దమ్మా, ఆ రోజే చెప్పాను నీకు" అంది పైనుంచి, చేతిలో పని ఆపకుండా. "ఈ ఏడు కూడా ఎవరూ రాకపోతే నాకు నీ గదీ వద్దు, ఉద్యోగమూ వద్దు. నెలాఖరుకు వెళ్ళిపోతాం. నన్ను తిట్టినా సరే."

"ముందు నిచ్చెన దిగు. పడితే వచ్చేవాళ్ళు ఆస్పత్రికి రావాల్సొస్తుంది."

విలియా బెదిరింపు ఉత్తదే అనుకోవడానికి లేదు. నిరుడు జరిగింది స్తెఫానియా కళ్ళతో చూసింది.

నిరుడు ఇదే హాలు పక్క చిన్న గదిలో స్మిల్తెకు ఏడో పుట్టినరోజు పెట్టింది విలియా. బల్ల మీద కేకు, బెలూన్లు, పదిమందికి పళ్ళేలు. ఒక్క పిల్ల రాలేదు. నడవా తుడుస్తున్న స్తెఫానియాకు ఓరగా తెరిచిన తలుపులోంచి కనబడింది. ఇక్కడి ఆచారం ప్రకారం పుట్టినరోజు పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎన్నేళ్ళు నిండితే అన్నిసార్లు గాల్లోకి లేపాలి. అదొక్కటీ విలియా మర్చిపోలేదు. స్మిల్తె మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కుర్చీలో కూర్చుంది. తల్లి వంగి రెండు వైపులా పట్టుకుని లేపబోయింది. ఒక పక్క కాళ్ళు లేచాయి, రెండో పక్కవి లేవలేదు. కుర్చీ ఒరిగింది. మళ్ళీ పట్టుకుంది.

"చాలమ్మా. లేచింది" అంది స్మిల్తె.

తుడుపుకర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయింది స్తెఫానియా. లోపలికి వెళ్ళి ఒక చెయ్యి వేస్తే సరిపోయేది. కానీ తను చుట్టమా, అతిథా? నేల తుడిచే మనిషి. అలా నిలబడే ఉంది, లోపల లైటు ఆరిపోయిందాకా.

ఎందుకు రాలేదో తర్వాత పోస్టాఫీసు ముందు బెంచీ మీద తెలిసింది. ఆ బెంచీ ప్రాన్యా మామ్మది. పోస్టాఫీసులో జీవితమంతా ముద్రలు కొట్టి రిటైరయింది, ఇప్పుడు ఊళ్ళో ఏది తప్పో ఏది ఒప్పో దాని మీద ముద్రలు కొడుతోంది.

"మంగళవారం పుట్టినరోజయితే ముందు శనివారమే పండగేవిటే స్తెఫా? రోజు రాకుండా ముందే శుభాకాంక్షలు చెబితే ఆ ఏడాది పిల్లకు గండం కాదూ? ఆ తల్లికి లేకపోతే మనకుండద్దూ? మా మనవరాలు యెవాను నేను పంపలా. నేను పంపలేదని మిగతావాళ్ళూ పంపలా."

"ఆ మాట విలియాతో చెప్పకపోయావా?"

"నాకేం పని? ఐర్లండు మనిషి, మనల్ని చూసి నవ్వుతుంది."

స్తెఫానియా ఆ మాట మోసుకెళ్ళి విలియాకు చెప్పేసరికి వసంతం వచ్చింది. విలియా మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. "నా పిల్ల మాటతీరు నచ్చక రాలేదనుకున్నాను పెద్దమ్మా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

అదీ కొంత ఉంది. స్మిల్తె మాట ఇక్కడి యాసలో ఉండదు. అక్షరాలు నోట్లో గుండ్రంగా దొర్లుతాయి. బళ్ళో పిల్లలు ఒకే మాటను పదిసార్లు అనిపించుకుని నవ్వుతారు. అందుకని ఆ పిల్ల మాట్లాడడం తగ్గించేసింది. బడి వదలగానే స్తెఫానియా తేనెపెట్టెల దగ్గరికొచ్చి గడ్డిలో కూర్చుంటుంది. తేనెటీగలు ఎవర్నీ మాట మళ్ళీ చెప్పమని అడగవు.

ఈ పండగ పథకం వేసింది ఆ గడ్డిలోనే. పట్నం నుంచి రాకుమారి వేషం వేసే అమ్మాయిని పిలుద్దామంది విలియా.

"వద్దు" అంది స్తెఫానియా. "పోయినేడు బేకరీ వాళ్ళింటికి వచ్చిందిగా. ఎండకు మొహం మీద రంగంతా కారి, సగంమంది పిల్లలు బల్ల కింద దాక్కున్నారు. ఏమే స్మిల్తే, నీకేం కావాలి?"

స్మిల్తె తేనెపెట్టెను వేలితో చూపించింది.

అలా ఖాయమైంది. పుట్టినరోజు గురువారం, పండగ ఆదివారం. రోజు దాటాకే. వచ్చేవాళ్ళంతా ఆడపిల్లలే, అందరూ తేనెటీగలు. కానుకలు తేవద్దు. తేలేని ఇల్లు పిల్లను పంపదని స్తెఫానియాకు తెలుసు. తలా ఒక పువ్వు తేవాలి, తేనెటీగ వాలే పువ్వు. అవన్నీ అల్లి పుట్టినరోజు కుర్చీకి దండ కట్టాలి. ఆటలు మూడూ పెట్టెల దగ్గర కూర్చుని చూసి, తేనెటీగలు చేసేవాటినే ఆటలుగా మార్చారు. తేనె కేకు స్తెఫానియా నిన్ననే పొరలు పొరలుగా కాల్చి, మీగడ రాసి, రాత్రంతా నానబెట్టింది.

పిలుపు చెప్పిన వేళ దాటింది.

కిటికీ దగ్గర స్మిల్తె నిలబడి ఉంది. పసుపు గౌను మీద నల్ల రిబ్బను చారలు. తల మీద తీగతో చేసిన రెండు మీసాలు, వాటి కొసలకు ఉన్ని ఉండలు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ ఉండలు కదులుతున్నాయి. బయట వీధిలో పిల్లి తప్ప ఎవరూ లేరు.

విలియా నిచ్చెన మళ్ళీ గోడకు ఆనించి, రెండు మెట్లెక్కి, ఒక కాగితపు తేనెటీగను విప్పింది. తర్వాత ఇంకొకటి.

"అది ఎందుకు తీస్తున్నావ్?"

"ఎవరూ రారు పెద్దమ్మా."

"వచ్చినా రాకపోయినా, పెట్టినవి తియ్యాల్సింది నేను. నా పనిలో చెయ్యి పెట్టకు."

అప్పుడు తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. ప్రాన్యా మామ్మ. ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చింది. వెనక యెవా, బిగించి వేసిన రెండు జడలు, చేతిలో ఒక ముదురు నీలం పువ్వు. మామ్మ గడప దాటలేదు, లోపలికి మాత్రం చూపుతో ఒక చుట్టు చుట్టింది.

"పుట్టినరోజు అయిపోయిందా, నిజంగా?"

"గురువారమే అయిపోయింది ప్రాన్యా. ఇవాళ ఆదివారం. పొద్దున చర్చికెళ్ళొచ్చావుగా, గుర్తులేదూ?"

"నువ్వు చెప్పకు. పిల్ల చెప్పాలి."

స్మిల్తె తల్లి వైపు చూసింది, స్తెఫానియా వైపు చూసింది. "గురువారం" అంది, ఆ మాటను నోట్లో తనకొచ్చినట్టే గుండ్రంగా దొర్లించి.

ఎవరూ నవ్వలేదు.

"అయితే సరే" అంది ప్రాన్యా. వీధి వైపు తిరిగి కర్ర పైకెత్తి ఊపింది. బస్సు స్టాపు చూరు వెనక నుంచి పసుపూ నలుపూ బట్టల్లో పిల్లలు ఒక్కసారిగా బయటపడ్డారు. ఇంతసేపూ అక్కడ గుంపుగా నక్కి, మామ్మ తీర్పు కోసం చూస్తున్నారు. వాళ్ళ అమ్మలూ అక్కడే ఉన్నారు, ఆలస్యమైనందుకు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ. రొట్టెల బండి తోలే బ్రొన్యుస్ కూడా ఉన్నాడు, కూతురి చెయ్యి పట్టుకుని, నెత్తిన కూతురి మీసాలు పెట్టుకుని.

"వదినా, మీ పట్టు నుంచి ఒక ఈగ తప్పించుకుని నా బండెక్కింది. అప్పజెబుదామని వచ్చాను" అన్నాడు.

"తేనె తాగి పోదామని వచ్చావు. లోపలికి రా."

విలియా నిచ్చెన మీదే ఉంది. తీసిన రెండు తేనెటీగల్నీ గబగబా మళ్ళీ కడుతోంది. ముడి పడడం లేదు.

లోపలికి వచ్చీరాగానే తగువు మొదలైంది. రాణి ఎవరన్నది తగువు. యెవా తనే అంది, ఇంకో పిల్ల ఉర్తె తనే అంది, కొత్రినా అనే పిల్లయితే ఇంటి దగ్గర్నుంచే కిరీటం పెట్టుకొచ్చింది. స్మిల్తె గోడకు జరిగింది.

స్తెఫానియా నడుం మీద చెయ్యి వేసుకుని విన్నంతసేపు విన్నది.

"రాణి అంటే ఏం చేస్తుందనుకున్నారే మీరు? చీకట్లో కూర్చుని గుడ్లు పెడుతుంది. పొద్దున్నా గుడ్లే, సాయంత్రమూ గుడ్లే. ఎండ చూడదు, పువ్వు చూడదు, ఎవరితోనూ ఆడదు. కావాలా? ఆ మెట్ల కింద చీకటి గది ఉంది. ఎవరు కూర్చుంటారో చెప్పండి, బకెట్టు కూడా ఇస్తాను."

కొత్రినా కిరీటం తీసి వీపు వెనక దాచుకుంది.

"మరి రెండో రాణి పుడితే?" అనడిగింది యెవా. ఆ పిల్లకు ప్రతిదీ చివరిదాకా తెలియాలి.

"ముసలిది లేచిపోతుంది. గూడూ, తేనే, అంతా కొత్తదానికి వదిలేసి."

"ఏడవదా?"

"తీరికెక్కడిది? కొత్త చెట్టు వెతుక్కోవద్దూ?"

అందరూ కూలి ఈగలమే అన్నారు. ఆట సాగింది.

మొదటిది కాపలా ఆట. స్తెఫానియా పిల్లల మణికట్లకు పుదీనా నలిపి రాసింది. ఇద్దరికి మాత్రం ఎవరికీ తెలియకుండా చామంతి రాసింది. కళ్ళకు గుడ్డ కట్టిన కాపలా ఈగ వాసన చూసి తమ గూటివాళ్ళను లోపలికి పంపాలి, పరాయి గూటివాళ్ళను బయటికి గెంటాలి. బ్రొన్యుస్ కూడా వరసలో నిలబడితే, ఉర్తె అతని చెయ్యి వాసన చూసి, "ఇది ఈగ కాదు, పెట్రోలు" అని గెంటేసింది. రెండోది చెంచాలో నీళ్ళు ఒలకకుండా మోసుకెళ్ళి సీసా నింపడం. నేలంతా తడిసింది. స్తెఫానియా చెయ్యి తుడుపుకర్ర కోసం దానంతటదే వెళ్ళింది. వెనక్కి లాక్కుంది.

మూడో ఆట కోసమే ఆమె వారం రోజులుగా ఆలోచించింది. ఒకళ్ళు బయటికెళ్ళి స్ట్రాబెర్రీల బుట్ట ఎక్కడ దాచారో చూసి రావాలి. వచ్చాక నోరు విప్పకూడదు. తేనెటీగ తోటివాళ్ళకు చెప్పినట్టే, ఒళ్ళు ఊపి, గుండ్రంగా తిరిగి, దారి చూపించాలి. మాటలతో పని లేదు.

యెవా మొదట వచ్చింది. చేతులు ఊపింది, గెంతింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పెదాలతో చెప్పబోతే అందరూ అరిచారు. ఉర్తె వచ్చి నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"స్మిల్తే, నువ్వు" అంది స్తెఫానియా.

స్మిల్తె వెళ్ళింది, వచ్చింది. హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది. తేనెపెట్టెల ముందు ఎన్ని సాయంత్రాలు కూర్చుందో అన్నీ ఆ పిల్ల ఒంట్లో ఉన్నాయి. నడుం సన్నగా వణికించుకుంటూ కిటికీ వైపు తిన్నగా నడిచింది, ఆగింది, ఎడమకు చుట్టి మొదటికొచ్చింది. మళ్ళీ వణుకుతూ నడిచింది, ఈసారి కుడికి చుట్టింది. నడిచినప్పుడల్లా అదే దిక్కు, అంతే దూరం. చెయ్యి ఎత్తలేదు, వేలు చూపలేదు. మూడో చుట్టుకు పిల్లల నవ్వులు ఆగిపోయాయి. నాలుగో చుట్టుకు యెవా, "లిండెన్ చెట్టు. చెట్టు అవతల, బావి దగ్గర" అంది. పిల్లలందరూ తలుపు పట్టకుండా బయటికి దూకారు. బావి గట్టు మీద బుట్ట ఉంది.

తిరిగొచ్చేటప్పుడు మూతులన్నీ ఎర్రగా ఉన్నాయి. మధ్యలో స్మిల్తె ఉంది, రెండు చేతులూ ఇద్దరు పట్టుకున్నారు.

"మళ్ళీ చేసి చూపించవా? ఆ నడుం ఎలా తిప్పావు?" అంటోంది యెవా. మళ్ళీ చెప్పమని అడిగితే ఆ పిల్ల తల దించుకోకపోవడం స్తెఫానియా ఇదే చూడడం.

ఇక కుర్చీ. పొద్దున కాళ్ళు సరిచేసిన కుర్చీని స్తెఫానియా హాలు మధ్యలో పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే తెచ్చిన పువ్వు ఇస్తుంటే అమ్మలు ఓక్ ఆకుల తాడులో అల్లారు. నీలం పువ్వు, తెల్ల క్లోవరు, తోట చామంతి, ఒక లిండెన్ గుత్తి. వచ్చిన పిల్లలు ఎనిమిదిమంది. స్మిల్తెకు నిండినవి ఎనిమిదేళ్ళు. దండలో ఎనిమిది పువ్వులు.

"ఎంత చక్కగా కుదిరింది" అంది విలియా.

యెవా వేలితో లెక్కపెడుతూ వచ్చి ఆగిపోయింది. "సరి సంఖ్య" అంది.

స్ట్రాబెర్రీ నములుతున్న పిల్ల నమలడం ఆపింది. అమ్మల్లో ఒకామె దండ మీదున్న చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ పక్క ప్రాన్యా మామ్మ కర్ర ఒకసారి నేలకు తగిలింది.

"ఏమైంది? పెద్దమ్మా, ఏమైంది?" అంది విలియా గొంతు తగ్గించి.

"సరి పువ్వులు సమాధికి పెడతారు. బతికున్నవాళ్ళకు బేసి" అంది స్తెఫానియా.

విలియా ఎనిమిది పువ్వులనూ మళ్ళీ లెక్కపెట్టింది. నిరుడు తెలియక చేసింది, ఈ ఏడు తెలిసిన మనిషి పక్కనుండగానే చేసింది. స్మిల్తె కుర్చీ వైపు చూడడం మానేసి చెప్పుల వైపు చూస్తోంది.

"ఒకటి తీసేస్తే పోలా?" అన్నాడు బ్రొన్యుస్.

"ఎవరిది తీస్తారు?" అంది యెవా. ఎనిమిదిమంది పిల్లలూ ఎవరి పువ్వు మీద వాళ్ళు చెయ్యి వేశారు.

"అయితే ఇంకొకటి పెడదాం. నేను తెస్తాను" అంది విలియా.

"అమ్మ పెట్టకూడదు. అతిథే పెట్టాలి. అతిథీ అమ్మాయే అయ్యుండాలి, ఇది అమ్మాయిల పండగ." యెవా చూపు హాలంతా తిరిగి స్తెఫానియా మీద ఆగింది. "మామ్మా, నువ్వు పెట్టు."

"నేను అతిథిని కాదే. కుర్చీలు వేసే మనిషిని."

"అయితే బయటికెళ్ళి లోపలికి రా. తలుపు కొట్టి రా. అప్పుడు అతిథివి."

"అమ్మాయిని కూడా కాదు కదే."

"నీకు పెళ్ళయిందా?"

"కాలేదు."

"మరింకేం? అమ్మాయివే."

ప్రాన్యా మామ్మ తల ఒకసారి ఊపింది. ఆ తీర్పులో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

స్తెఫానియా ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. వెనక తలుపులోంచి తన గదికి నడిచింది. మూటలు కట్టేసిన గదిలో కిటికీ మీద ఒక్క సదాప కుండీ మిగిలి ఉంది, రేపు ఎవరైనా నీళ్ళు పోస్తారని వదిలేసింది. పెళ్ళికాని పిల్ల మొక్క అది. ఇక్కడ ఆడపిల్ల ఉన్న ప్రతి కిటికీలోనూ ఉంటుంది, పెళ్ళినాడు తల్లో పెట్టి ఆ తర్వాత పెంచడం మానేస్తారు. తను మానేసే రోజు రాలేదు. చిన్న చిన్న పసుపు పువ్వులు పూసింది. ఒక రెమ్మ తుంచింది. చుట్టూ తిరిగి వీధి వైపు వెళ్ళింది.

నలభై ఏళ్ళు తాళం తీసిన తలుపు ముందు నిలబడి, తలుపు కొట్టింది.

తెరిచింది స్మిల్తె. ఆ పిల్ల వెనక ఎనిమిదిమందీ గుంపుగా నిలబడ్డారు.

"రండి" అంది స్మిల్తె, పెద్దవాళ్ళు అతిథిని పిలిచినట్టే. "మీ కోసమే చూస్తున్నాం."

స్తెఫానియా గడప మీద కాళ్ళు తుడుచుకుంది. రెమ్మను తాడులో తనే గుచ్చింది. యెవా మొదట్నుంచీ మళ్ళీ లెక్కపెట్టి, "తొమ్మిది" అంది.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు. స్మిల్తె కూర్చుంది. కుర్చీ నాలుగు కాళ్ళకూ, రెండు చేతులకూ, వీపుకూ చేతులే చేతులు. చిన్న చేతులు, జిగట చేతులు, పుదీనా వాసన చేతులు, వాటి మధ్య బెరడు లాంటి రెండు చేతులు. ఒకటి అన్నారు, కుర్చీ లేచింది. రెండు. మూడు. నిరుడు ఒక పక్కే లేచిన బరువు ఇప్పుడు ఈకలా పోతోంది. ఏడుకు స్మిల్తె తల మీద ఉన్ని ఉండలు వేలాడే కాగితపు ఈగలకు తగిలాయి. ఎనిమిదికి పిల్ల కేక వేసింది, పక్షి వేసినట్టు, ఏ యాసా లేని కేక.

విలియా చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చెంపలకూ ఆనించుకుంది.

"ఇప్పుడు స్తెఫా మామ్మ" అంది ఉర్తె. "మామ్మా, నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"జనవరిలో. ఎప్పుడో అయిపోయింది."

"అయిపోతే మంచిదేగా. ముందు చేస్తేనే తప్పు. నిన్ను ఎప్పుడైనా లేపారా?"

స్తెఫానియా కాస్త ఆలోచించింది. తను పుట్టింది సైబీరియాలో, ఊళ్ళకు ఊళ్ళను రైలెక్కించి తోలేసిన రోజుల్లో. అక్కడి చెక్క కొట్టాంలో కూర్చోవడానికి దుంగలుండేవి. తిరిగొచ్చాక పని ఉండేది.

"తీరిక లేకపోయింది" అంది.

పట్టుకుని కూర్చోబెట్టారు. పిల్లలు పట్టారు, కుర్చీ కదల్లేదు. అమ్మలు వచ్చారు. ఒక కాలు లేచింది.

"వదినా, ఇన్నేళ్ళూ ఆ కేకులన్నీ నువ్వే తిన్నావా ఏం?" అంటూ బ్రొన్యుస్ వెనక పట్టాడు. విలియా కుడి పక్క పట్టింది. ప్రాన్యా మామ్మ కర్ర గోడకు ఆనించి వచ్చి ఒక వేలు వేసింది.

లేచింది. మోకాళ్ళ ఎత్తు, నడుం ఎత్తు, ఇంకా పైకి. స్తెఫానియా కాళ్ళు నేలను వదిలాయి. నలభై ఏళ్ళు తుడిచిన నేలను మొదటిసారి పైనుంచి చూసింది. తడి చెంచాలు, నలిగిన పుదీనా, ఎర్రటి చిన్న అడుగులు. ఎంత మురికిగా ఉందో. ఎంత బాగుందో. నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుకు కుర్చీ ఊగి, మోస్తున్నవాళ్ళకూ నవ్వొచ్చి, ఇంచుమించు పడేసినంత పని చేశారు.

"అన్నేళ్ళకూ కలిపి ఒక్కటే. ఇంకోటి మావల్ల కాదు" అన్నాడు బ్రొన్యుస్ ఒగరుస్తూ.

పొద్దు వాలుతోంది గానీ చీకటి పడడానికి ఇంకా చాలా టైముంది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు. స్మిల్తె యెవా వాళ్ళింటికి వెళ్ళింది, నడుం తిప్పడం నేర్పడానికి.

లిండెన్ చెట్టు కింద స్తెఫానియా ఒక్కో పెట్టె మీదా ఒకసారి తట్టింది. "ఇక మీ మనిషి విలియా. పిల్ల పేరు మీకు తెలుసు" అని చెప్పింది. చెప్పకుండా మనిషి మారితే అవి ఉండవు.

"వీటికి నేనేం ఇవ్వను పెద్దమ్మా?" అంది విలియా.

"తేనెటీగల్ని అమ్మరు, కొనరు. ఇస్తారు, పుచ్చుకుంటారు. అలా పుచ్చుకున్నవాళ్ళు చుట్టాలవుతారు. అంటే ఇక నీకు క్లైపెడాలో చుట్టముంది. ఎండాకాలం పిల్లను తీసుకుని రా."

తాళాల గుత్తి విలియా చేతిలో పెట్టింది. విలియా వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. ఆమె వద్దనలేదు. నెలాఖరు మాట ఎత్తలేదు.

"కుర్చీలు నేను తీసేస్తాలే. నువ్వు బస్సు చూసుకో."

"ఇవాళ తియ్యకు. రేపు హాల్లో ఏం లేదు."

బస్సు వచ్చింది. ఒక సంచీ, ఒక మూట, మోకాళ్ళు చప్పుడు చేస్తూ రెండు మెట్లు. కిటికీ పక్కన కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూర్చోవడమే పనిగా వచ్చిన మనిషిలా. బస్సు చర్చి మూల తిరిగింది.

కళాభవనం తలుపు బార్లా తెరిచే ఉంది. హాలు మధ్యలో ఒక్క కుర్చీ, వీపుకు వాడడం మొదలైన దండ, అందులో తొమ్మిదో పువ్వు మీద నడుం ఊపుకుంటూ ఒక తేనెటీగ.